సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో వినియోగదారుల అవసరాలను పట్టుకోవడం, రాయడం, కాపాడుకోవడం ఎలా?

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు చెడిందని తెలియగానే అందరి కళ్లూ కోడు రాసినవాళ్ల మీదికి వెళతాయి. నేను మాత్రం ముందు రిక్వైర్‌మెంట్ల పత్రం, అంటే సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో రాసిన పత్రం, తెప్పించుకుని చదువుతాను. జబ్బు చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. పేజీలు కావలసినన్ని ఉంటాయి, చివరి పేజీలో సంతకాలుంటాయి, కానీ ఏ అంశం ఎవరికి ఎందుకు కావాలో ఎక్కడా రాసి ఉండదు. కారణం తెలియని అంశాన్ని డెవలపర్ తనకు తోచినట్టు కడతాడు, టెస్టర్ తనకు తోచినట్టు పరీక్షిస్తాడు, వినియోగదారు మాత్రం పాత పద్ధతిలోనే పని చేసుకుంటూ పోతాడు.

జట్టులో బిజినెస్ అనలిస్టు అనే హోదా ఉన్నా లేకపోయినా ఎవరో ఒకరు అవసరాలను అడిగి రాసే పని తలకెత్తుకోక తప్పదు. ఆ పని మీ మీద పడితే కింది దశలను ఇదే వరుసలో పాటించండి. నాలుగో దశ దగ్గర మాత్రం నిదానించండి. మిగతావాటిలో తప్పు జరిగితే దిద్దుకునే వీలుంటుంది. అక్కడ తప్పితే మిగతా పనంతా ఎంత శ్రద్ధగా చేసినా తప్పు వస్తువే తయారవుతుంది.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఒక స్ప్రెడ్‌షీటు, ఒక నోటు పుస్తకం, పెన్ను. అంతే. విమానాలు, రైల్వే సిగ్నళ్లు, వైద్య పరికరాల వంటి చోట్ల ప్రతి అంశం మీదా ఆడిట్ జరుగుతుంది కాబట్టి రిక్వైర్‌మెంట్లను నమోదు చేసి కాపాడే డోర్స్ వంటి ప్రత్యేక సాధనాలు అక్కడ అవసరమే. మీ సంస్థలో పనులను నమోదు చేసి వెంబడించే జిరా ఇప్పటికే ఉంటే అదీ మంచిదే. ఇంకా ఒక్క వినియోగదారుతోనైనా మాట్లాడకముందే ఏ సాధనం కొనాలని సమావేశాలు పెట్టకండి.

స్ప్రెడ్‌షీటులో ఏడు నిలువు వరుసలు పెట్టండి: సంఖ్య, వాక్యం, అడిగినవారు, కారణం, పరీక్ష, ప్రాధాన్యం, స్థితి. ఒక అంశానికి ఇచ్చిన సంఖ్యను మరోదానికి ఎన్నడూ ఇవ్వకండి, మొదటిది రద్దయినా సరే. ‘కారణం’ గడి ఖాళీగా ఉన్న అంశం డెవలపర్ దాకా వెళ్లకూడదు. ఇందులో మినహాయింపులు లేవు, అడిగింది సంస్థ అధిపతి అయినా.

షీటులో మార్పులు చేసే అధికారం ఒక్కరికే ఉండాలి. చదవడానికి అందరికీ తెరిచి ఉంచండి.

2. ఎవరెవరితో మాట్లాడాలో రాసుకోండి

మూడు రకాల మనుషులుంటారు: రోజూ ఆ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చునేవాళ్లు, దానికి డబ్బు పెట్టేవాళ్లు, దాన్ని ముట్టుకోకపోయినా దాని ఫలితం అనుభవించేవాళ్లు. చాలా ప్రాజెక్టులలో రెండో రకంతోనే మాటలు జరుగుతాయి. మేనేజరు ‘మావాళ్ల పని నాకు తెలుసు, నన్నడగండి’ అంటారు. ఆయనకు తెలిసింది పని ఎలా జరగాలన్నది. ఎలా జరుగుతోందన్నది చేసేవాళ్లకే తెలుసు.

దీని మూల్యం ఎంతో తెలియాలంటే లండన్ అంబులెన్సు సేవ ఉదంతం చూడండి. అంబులెన్సులను కంప్యూటర్ ద్వారా పంపే కొత్త వ్యవస్థను 1992 అక్టోబర్ 26న నగరమంతటికీ అమలు చేశారు. ఏ బండి ఎక్కడుందో వ్యవస్థకు సరిగా అందలేదు. ఒకే చోటికి ఒకటికి మించి బండ్లు వెళ్లాయి, కొన్ని కాల్స్ తప్పిపోయాయి. కొద్ది రోజుల్లోనే పాత కాగితం పద్ధతికి మళ్లారు. లోపాలు చాలానే ఉన్నా, 1993లో వచ్చిన విచారణ నివేదిక ఎత్తిచూపినవాటిలో ముఖ్యమైనది ఒకటుంది: ఆ వ్యవస్థను వాడవలసిన సిబ్బందిని తగినంతగా భాగస్వాములను చేయలేదు, వాళ్లకు దాని మీద నమ్మకం కుదరలేదు.

ప్రతి రకం నుంచీ కనీసం ఇద్దరి పేర్లు జాబితాలో ఉండాలి. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరి అలవాటు అందరి అవసరంగా చెలామణీ అవుతుంది. అభిప్రాయాలు కుదరనప్పుడు చివరి మాట ఎవరిదో కూడా ఇప్పుడే తేల్చి, ఆ పేరు జాబితా పైన రాయించుకోండి. తగవు వచ్చాక అడిగితే ఆ బాధ్యత ఎవరూ తీసుకోరు.

3. మాట్లాడే ముందు పని చూడండి

పని జరుగుతున్న చోటికి వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి. పూర్తిగా ఒక పూటైనా చూడండి. తెర అంచున అంటించిన చీటీలు, పక్కన తెరిచి ఉంచుకున్న సొంత ఫైళ్లు, ఫోను చేసి మరొకరిని అడిగిన సందర్భాలు రాసుకోండి. ఇప్పుడున్న వ్యవస్థ ఎక్కడ చాలడం లేదో అవే చెబుతాయి.

ప్రశ్నావళి పంపి జవాబులు కూడబెట్టే పద్ధతి నాకు ససేమిరా నచ్చదు. దానిలో మీరు అడగాలని అనుకున్నవే తెలుస్తాయి. మీ ఊహకు అందనిది ఏ గడిలోనూ పట్టదు. వేలమంది వినియోగదారులున్నప్పుడు ఏ సమస్య ఎంతమందికి ఉందో లెక్క తేల్చడానికి అది పనికొస్తుంది. సమస్య ఏమిటో తెలుసుకోవడానికి పనికిరాదు.

4. అడిగినదాని వెనుక ఉన్న అవసరాన్ని పట్టుకోండి

నేను చూసిన ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం ఇక్కడే దారి తప్పాయి.

వినియోగదారులు సాధారణంగా అవసరాన్ని చెప్పరు, తాము ఊహించుకున్న పరిష్కారాన్ని చెబుతారు. అది వాళ్ల తప్పు కాదు. రోజూ ఇబ్బంది పడేవాళ్లు దాని నుంచి బయటపడే దారి తామే ఒకటి ఆలోచించుకుని వస్తారు. ఆ దారిని అలాగే షీటులోకి ఎక్కించడం మన తప్పు. ఖాతాల విభాగంలో తరచూ వినిపించే ఒక కోరికను తీసుకుందాం.

‘‘ఈ రిపోర్టును ఎక్సెల్‌లోకి దింపుకునే బటన్ కావాలండీ.’’

‘‘అలాగేనండీ, రాసుకున్నాను. ఆ ఫైలు దిగాక మొట్టమొదట ఏం చేస్తారు?’’

‘‘బ్యాంకు పంపిన జాబితా పక్కన పెట్టి సరిచూస్తాను.’’

‘‘రెండూ సరిపోతే?’’

‘‘ఇంక దానితో పనిలేదు, మూసేస్తాను.’’

‘‘సరిపోకపోతే?’’

‘‘తేడా ఏ చెల్లింపులో వచ్చిందో ఒక్కొక్కటే వెతకాలి. అందులోనే సగం పూట పోతుంది.’’

చివరి జవాబు దగ్గర అసలు అవసరం బయటికొచ్చింది. ఆమెకు కావలసింది బ్యాంకు లెక్కతో సరిపోలని చెల్లింపులు ఏవో తెలియడం. బటన్ పెట్టి ఇస్తే ఆమె కృతజ్ఞతలు చెబుతారు, సగం పూట మాత్రం అలాగే పోతూ ఉంటుంది. వ్యవస్థే రెండు జాబితాలనూ పోల్చి తేడా ఉన్నవాటినే చూపితే ఆ సమయం మిగులుతుంది. ఎక్సెల్ ఫైలుతో మరేదో పని ఉందని తేలితే బటనూ పెట్టవచ్చు. అయితే అప్పుడది వేరే అంశం, వేరే కారణం, వేరే సంఖ్య.

మాటలు తేలికగానే సాగినట్టు కనిపిస్తాయి. నిజంగా చేసేటప్పుడు తప్పటడుగు వేయడానికి చాలా చోట్లున్నాయి, ఒక్కొక్కటే చెబుతాను.

అక్కడికక్కడే ‘చేస్తాం’ అనకండి, ‘కుదరదు’ అని కూడా అనకండి. ‘చేస్తాం’ అన్నారంటే ఆ బటన్ మీ వాగ్దానమైపోతుంది, ఆ తర్వాత ఎంత మెరుగైన మార్గం చూపినా మాట తప్పినట్టే ఉంటుంది. ‘కుదరదు’ అంటే ఎదుటి మనిషి మాట్లాడటం మానేస్తారు. ‘రాసుకున్నాను’ అనండి, నిజంగానే వారి ఎదుట రాయండి, వెంటనే తర్వాతి ప్రశ్న అడగండి.

‘ఎందుకు?’ అని నేరుగా అడగకండి. టయోటాలో తైయిచి ఓనో ప్రచారంలోకి తెచ్చిన ‘ఐదు ఎందుకులు’ పద్ధతిని అందరూ ఇక్కడికి లాక్కొస్తారు. యంత్రం ఎందుకు ఆగిందో వెతకడానికి అది గొప్ప పద్ధతి. ఎదుట కూర్చున్న మనిషిని వరుసగా ఐదుసార్లు ‘ఎందుకు’ అంటే విచారణలా ఉంటుంది, రెండోసారికే ఆయన తన కోరికను సమర్థించుకోవడం మొదలుపెడతారు. సమర్థనలు వినడానికి మనం వెళ్లలేదు. ‘అది వచ్చాక ఏం చేస్తారు?’, ‘పోయినసారి ఇలా జరిగినప్పుడు ఏం చేశారు?’, ‘అది లేకపోతే ఏ పని ఆగుతుంది?’ అని అడగండి. ఈ మూడు ప్రశ్నలతో కారణం దానంతటదే వస్తుంది.

జరిగినదాన్ని అడగండి, జరగబోయేదాన్ని అడగకండి. ‘ఇలాంటి సదుపాయం ఉంటే వాడతారా?’ అంటే దాదాపు ఎవరైనా వాడతామనే అంటారు. అది మర్యాద, సమాచారం కాదు. ‘చివరిసారి ఇది ఎప్పుడు అవసరమైంది? అప్పటి కాగితం చూపిస్తారా?’ అంటే నిజం తెలుస్తుంది. చివరిసారి ఎప్పుడో గుర్తురాకపోతే ఆ అంశానికి ప్రాధాన్యం ఎంతో అప్పుడే తేలిపోయినట్టు.

ఎక్కడ ఆగాలో తెలుసుకోండి. కొత్తగా ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్లు తవ్వుతూనే పోతారు. చివరికి ప్రతి అంశమూ ‘సంస్థ లాభం పెరగాలి’, ‘ఖర్చు తగ్గాలి’ అన్నచోటికి చేరుతుంది. అంత లోతున అన్నీ ఒక్కటే, వాటితో ఏదీ కట్టలేం. నా గుర్తు ఇది: మీరు రాసిన అవసరాన్ని కనీసం రెండు వేర్వేరు మార్గాల్లో తీర్చవచ్చని అనిపిస్తే ఆగండి. ఒకే మార్గం కనిపిస్తుంటే మీరు రాసింది ఇంకా పరిష్కారమే, మరొక మెట్టు దిగండి. లెక్కలేనన్ని మార్గాలు కనిపిస్తుంటే మరీ లోతుకు దిగారు, ఒక మెట్టు పైకి రండి.

మీ పరిష్కారాన్ని చొప్పించకండి. మునుపు కోడు రాసినవాళ్లు అనలిస్టులైతే ఈ ప్రమాదం మరీ ఎక్కువ. సగం వినగానే వాళ్ల బుర్రలో డేటాబేసు టేబుళ్లు తయారైపోతాయి, మిగతా సగం ఆ టేబుళ్లలో ఇమిడేలా వింటారు. పరిష్కారం తట్టితే నోటు పుస్తకం చివరి పేజీలో రాసి పెట్టుకోండి, ఆ రోజుకు దాన్ని తెరవకండి.

ఎవరూ చెప్పనివాటిని మీరే అడిగి రాబట్టండి. జపాన్ నాణ్యతా పరిశోధకుడు నొరియాకి కానో 1984లో ఒక సంగతి స్పష్టంగా చూపించారు: కొన్ని లక్షణాలు ఉన్నాయని ఎవరూ సంతోషించరు, లేకపోతే మాత్రం తీవ్రంగా అసంతృప్తి చెందుతారు. సేవ్ చేసినది పోకూడదని, ఒకరి జీతం వివరాలు మరొకరికి కనిపించకూడదని వినియోగదారులు ప్రత్యేకంగా చెప్పరు. అది చెప్పవలసిన విషయమని వారికి తోచదు. అందుకే మామూలు పని అంతా విన్నాక తప్పిన సందర్భాల మీదికి వెళ్లండి. ఒకే చెల్లింపు రెండుసార్లు నమోదైతే? బ్యాంకు జాబితా ఆ రోజు రాకపోతే? ఇద్దరు ఒకే వరుసను ఒకేసారి దిద్దితే? నెలాఖరున, సంవత్సరాంతంలో పని ఎలా మారుతుంది? సెలవులో ఉన్నవారి పని ఎవరు చేస్తారు? నా లెక్కలో మామూలు పని మీద ఎంతసేపు మాట్లాడారో తప్పిన సందర్భాల మీద దానికి రెట్టింపు సేపు మాట్లాడాలి.

ఇద్దరు రెండు విరుద్ధమైన కోరికలు కోరితే మధ్యేమార్గం వెతకకండి. కౌంటరు దగ్గర కూర్చునే ఉద్యోగి ఫారంలో నాలుగు గడులు చాలంటారు, ఆడిటర్ ఇరవై కావాలంటారు. పన్నెండు పెడితే ఇద్దరికీ నచ్చదు. ఇద్దరి కారణాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. వరుసలో జనం నిలబడి ఉన్నారు కాబట్టి ఉద్యోగికి తక్కువ గడులు కావాలి. ఆడిటర్‌కు ఇరవై గడులూ కావలసింది నెల చివర. నాలుగు ఇప్పుడు నింపి, మిగతావి రద్దీ తగ్గాక నింపే వీలు కల్పిస్తే తగవే లేదు. కోరికలు ఢీకొన్నంత తరచుగా కారణాలు ఢీకొనవు. నిజంగానే కారణాలు ఢీకొంటే మీరు తీర్పు చెప్పకండి. రెండో దశలో పేరు రాయించుకున్న మనిషి దగ్గరికి రెండింటినీ తీసుకెళ్లండి, నిర్ణయంతో పాటు నెగ్గని కోరికనూ షీటులో ఉంచండి.

ఆ రోజే తిరిగి చదివి వినిపించండి. మీరు అర్థం చేసుకున్నదాన్ని మీ మాటల్లో చెప్పి, ‘ఇందులో ఏది తప్పు?’ అని అడగండి. ‘సరిగ్గానే ఉందా?’ అని అడిగితే అవునంటారు. తప్పేమిటని అడిగితేనే వెతికి చెబుతారు. మర్నాటికి వాయిదా వేస్తే మీ జ్ఞాపకమూ మారిపోతుంది, వారిదీ మారిపోతుంది.

ఈ దశ దాటేసి పెద్ద పత్రం తయారుచేస్తే ఏమవుతుందో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ చేపట్టిన వర్చువల్ కేస్ ఫైల్ ప్రాజెక్టు చూపించింది. దాని రిక్వైర్‌మెంట్ల పత్రం 800 పేజీలు దాటింది. వ్యవస్థ ఏ పని నెరవేర్చాలన్నది చెప్పవలసిన చోట, ఏ పేజీలో ఏ బటన్ ఉండాలన్నంత దూరం వెళ్లింది. కట్టే కొద్దీ మార్పులు వస్తూనే ఉన్నాయి. సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో ఆ ప్రాజెక్టును వదిలేశారు. దాని పతనానికి ఇంకా కారణాలున్నాయి. కానీ పేజీలు ఎక్కువైతే స్పష్టత ఎక్కువని ఎవరైనా వాదించినప్పుడు నేను ఈ ఉదాహరణే ముందుకు పెడతాను.

5. వాక్యం రాయండి

ఒక అంశానికి ఒకే వాక్యం. ఒక వాక్యంలో ఒకే పని. ‘మరియు’తో రెండు పనులు కలిపితే విడగొట్టండి, లేకపోతే సగం పూర్తయిన అంశాన్ని పూర్తయిందనాలో కాలేదనాలో తేలదు.

విమాన ఇంజన్ల సంస్థ రోల్స్ రాయిస్‌లో అలిస్టెర్ మావిన్ బృందం 2009లో రిక్వైర్‌మెంట్లు రాయడానికి ఈయర్స్ (EARS) అనే వాక్య నమూనాలను ప్రచురించింది. నేను వేరే ఏదీ వాడను. ఫలానాది జరిగినప్పుడు, వ్యవస్థ ఫలానా పని చేయాలి. ఫలానా స్థితి ఉన్నంతసేపు, వ్యవస్థ ఫలానా పని చేయాలి. ఫలానా తప్పు జరిగితే, వ్యవస్థ ఇలా స్పందించాలి. మన వాక్యాల్లో షరతు ఎలాగూ ముందే వస్తుంది కాబట్టి తెలుగులో ఇవి హాయిగా ఒదుగుతాయి. పై ఉదాహరణ ఇలా తయారవుతుంది: ‘బ్యాంకు జాబితా అందినప్పుడు, వ్యవస్థ దానితో సరిపోలని ప్రతి చెల్లింపునూ రెండు మొత్తాలతో సహా ఖాతాల విభాగానికి చూపాలి.’ పక్కనే కారణం: ‘తేడాను చేత్తో వెతకడంలో సగం పూట పోతోంది.’

వినియోగదారు కోరికను ఒక చిన్న కార్డు మీద రాసే యూజర్ స్టోరీల సంగతేమిటని అడుగుతారు. ‘ఫలానా పాత్రలో ఉన్న నాకు ఫలానాది కావాలి, ఎందుకంటే…’ అన్న నమూనా 2000ల మొదట్లో బ్రిటన్‌లోని కనెక్స్‌ట్రా అనే సంస్థలో పుట్టింది. కారణానికి అందులోనే చోటుంది కాబట్టి మంచిదే. కానీ ఆచరణలో ఆ మూడో భాగాన్నే ముందు వదిలేస్తారు, లేదా రెండో భాగాన్నే మాటలు మార్చి మళ్లీ రాస్తారు. ‘నాకు ఎక్సెల్ బటన్ కావాలి, ఎందుకంటే ఎక్సెల్‌లో చూడాలి’ అన్నట్టు ఉంటుంది. కార్డు, సంభాషణ, నిర్ధారణ మూడూ ఉండాలని రాన్ జెఫ్రీస్ 2001లోనే చెప్పారు. ఇప్పుడు చాలా జట్లలో కార్డు ఒక్కటే మిగిలింది. మీ జట్టులో స్టోరీలే నడుస్తుంటే నడవనివ్వండి, మూడో భాగం లేని కార్డును మాత్రం వెనక్కి పంపండి.

‘వేగంగా’, ‘సులభంగా’, ‘తగినంత’, ‘వీలైనంత’, ‘మొదలైనవి’: ఈ మాటలు కనబడితే వాక్యం పూర్తికాలేదని అర్థం. రిక్వైర్‌మెంట్ల మీద ఉన్న అంతర్జాతీయ ప్రమాణం 29148 కూడా కొలవలేని ఇలాంటి మాటలను వాడవద్దనే చెబుతుంది. 2011లో వచ్చి 2018లో సవరణ పొందిన ప్రమాణమది. ‘వేగంగా’ బదులు అంకె రాయండి. ఏ అంకె అన్నది తెలియకపోతే వినియోగ సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లో వివరించిన హద్దులతో మొదలుపెట్టండి. స్పందన 0.1 సెకనులో వస్తే తక్షణమే జరిగినట్టుంటుంది, 1 సెకను దాకా ఆలోచన తెగదు, 10 సెకన్లు దాటితే దృష్టి మరో పని మీదికి పోతుంది.

మాటల అర్థాలకు విడిగా ఒక పేజీ పెట్టండి. అమ్మకాల విభాగానికి వివరాలు అడిగినవారు కూడా ‘కస్టమర్’ కావచ్చు, ఖాతాలవారికి డబ్బు కట్టినవారే కస్టమర్. ఆ పేజీ లేకపోతే ఒకే వాక్యాన్ని ఇద్దరూ ఆమోదిస్తారు, ఇద్దరూ వేర్వేరు వస్తువులకు ఎదురుచూస్తారు.

6. ప్రతి వాక్యానికీ పరీక్ష

వాక్యం రాసిన రోజే పరీక్ష రాయాలి, అదీ అసలు అంకెలతో. ‘10 చెల్లింపుల్లో 9 సరిపోయి, ఒకటి మన దగ్గర 500గా, బ్యాంకు జాబితాలో 550గా ఉంటే, తెర మీద ఆ ఒక్కటే రెండు అంకెలతో కనిపించాలి.’ ఈ ఒక్క ముక్క చదివి వినిపిస్తే వినియోగదారు వెంటనే ‘మరి మన దగ్గర లేనిది బ్యాంకులో ఉంటే?’ అని అడుగుతారు. నాలుగో దశలో తప్పిపోయిన సందర్భం ఇక్కడ దొరుకుతుంది. పరీక్ష రాయడం కుదరకపోతే లోపం వాక్యంలో ఉంది, వాక్యాన్నే మార్చండి.

రాసిన పరీక్షను నడపాలి కూడా. నాసా పంపిన వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబర్ 23న అంగారకుడి దగ్గర నష్టపోయింది. దిశను సర్దే చిన్న ఇంజన్ల (థ్రస్టర్ల) ప్రభావాన్ని ఏ కొలమానంలో ఇవ్వాలో పత్రంలో స్పష్టంగా ఉంది, మెట్రిక్ పద్ధతిలోనే. భూమి మీది సాఫ్ట్‌వేర్ మాత్రం పౌండ్ల లెక్కన ఇచ్చింది. వాక్యం సరిగ్గా ఉన్నా, కట్టినది ఆ వాక్యానికి సరిపోతోందో లేదో ఎవరూ సరిచూడకపోతే జరిగేది ఇదే.

7. ప్రాధాన్యం

దీని మీద ఎక్కువసేపు కూర్చోవద్దు. డాయ్ క్లెగ్ 1994లో ఒరాకిల్‌లో రూపొందించిన మాస్కో (MoSCoW, నాలుగు ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలతో వచ్చిన పేరు) పద్ధతి చాలామందికి తెలిసిందే: తప్పనిసరి, ఉండాలి, ఉంటే మంచిది, ఈసారికి వద్దు. దీనితో నాకున్న ఇబ్బంది ఒక్కటే. ఎవరిని అడిగినా దాదాపు అన్నీ తప్పనిసరి గంపలోనే వేస్తారు. అందుకే గంపలు వద్దు, ఒకే వరుస పెట్టించండి. 1, 2, 3 అని అంకెలు వేయాలి, ఏ రెండు అంశాలకూ ఒకే అంకె ఉండకూడదు. ‘రేపు పని ఆపేయాల్సి వస్తే ఎన్నో అంశం దాకా పూర్తయి ఉండాలి?’ అని అడగండి. ఆ అంకె దగ్గర గీత గీయండి. మొదటి రిలీజు అదే.

8. మార్పులు వచ్చినప్పుడు

మార్పులు వస్తాయి. రాకూడదని సంతకాలు పెట్టించుకుని గోడ కట్టడం వల్ల మార్పులు ఆగవు, మీకు చెప్పకుండా డెవలపర్ల చెవిలో పడతాయి. అప్పుడు షీటు ఒక దారి, కోడు ఒక దారి. అలాగని ఎవరేమడిగినా ఆ పూటే కలిపేయడమూ పనికిరాదు. ప్రతి మార్పూ ఒకే గుమ్మం గుండా రావాలి. అదే షీటులో కొత్త సంఖ్య, కొత్త కారణం, అది ఏయే పాత అంశాలను తాకుతుందో ఆ సంఖ్యలు. ఎంత పని పెరుగుతుందో డెవలపర్‌తో అంచనా వేయించి, వరుసలో దాని చోటు అడగండి. ‘ఇది 4వ చోటికి వస్తే పాత 12 గీత కిందికి పోతుంది, సరేనా?’ అని అడిగినప్పుడు చాలా కోరికలు తామే వెనక్కి తగ్గుతాయి.

కారణం గడి విలువ అన్నిటికన్నా ఎక్కువగా ఇక్కడే తెలుస్తుంది. 1996 జూన్ 4న యూరప్‌కు చెందిన ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయోగం 40 సెకన్లయినా నిండకముందే విఫలమైంది. దిశను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను ఏరియన్ 4 నుంచి తెచ్చుకున్నారు. అందులో ప్రయోగానికి ముందు చేసే ఒక సర్దుబాటు, రాకెట్ లేచాక కూడా సుమారు 40 సెకన్లు నడుస్తూ ఉండేది. పాత రాకెట్లలో కౌంట్‌డౌన్ చివరి క్షణాల్లో ఆగితే మళ్లీ త్వరగా మొదలుపెట్టడానికి ఆ ఏర్పాటు పెట్టుకున్నారు. ఏరియన్ 5కు దానితో పనే లేదు. కొత్త రాకెట్ వేగానికి అందులోని ఒక విలువ 16 బిట్ల గడిలో పట్టలేదు, ఆ లోపంతో వ్యవస్థ మొత్తం ఆగిపోయింది. అవసరం తీరిపోయిన అంశాన్ని ఎవరూ తీసేయలేదు. ఆ లోపాన్ని పట్టుకోవడానికి వేరే అవకాశాలూ ఉన్నాయి. అయినా పాత వ్యవస్థ నుంచి ఏదైనా కొత్తదానిలోకి తెచ్చుకునేటప్పుడు నేను ముందు చదివేది కారణం గడినే. ఆ కారణం కొత్త వ్యవస్థలో లేకపోతే ఆ అంశమూ వెళ్లిపోవాలి.

9. రిలీజు తర్వాత

కొన్ని వారాలు గడిచాక మూడో దశలో కూర్చున్న చోటికే మళ్లీ వెళ్లండి. షీటు పట్టుకుని, ఒక్కో అంశానికీ రాసుకున్న కారణం నిజంగా తీరిందో లేదో చూడండి. బటన్ పనిచేస్తోందా అన్నది టెస్టర్ ఎప్పుడో చూశాడు. ఇప్పుడు చూడవలసింది, పోతోందన్న ఆ సగం పూట మిగిలిందా అన్నది. మిగలకపోతే ఆ అంశాన్ని ‘పూర్తయింది’ నుంచి ‘తెరిచి ఉంది’కి మార్చండి.

పక్కన పెట్టిన అంశాలను తుడిచేయకండి. స్థితి గడిలో ‘వద్దనుకున్నాం’ అని, ఎవరు ఏ రోజు నిర్ణయించారో రాయండి. అడిగినవారికి ఆ సంగతి మీరే ఫోను చేసి చెప్పండి, కారణంతో సహా. తాము అడిగింది ఏమైందో తెలియనివాళ్లు తర్వాతి ప్రాజెక్టులో మీతో మనసు విప్పి మాట్లాడరు.